వేములవాడనుండి సముద్రమునకు



పోయిన నెల యీ పుటయందు చలికాలపు పచ్చళ్ళను గూర్చి వ్రాసితిమి. ఈ నెల వంటయిల్లు విడిచి వాకిలి దాటుచున్నాము. రాబోవు సంక్రాంతి సెలవులలో మా యింటిల్లిపాదియు కారుమీద సముద్రతీరమునకు పోవలెనని సంకల్పించితిమి. ప్రయాణ మింకను కాలేదు; ఏర్పాట్లు మాత్రము రెండు నెలలనుండి సాగుచున్నవి. ఈ రెండు నెలలలో మాకు తెలిసివచ్చిన సంగతులు మీలో కొందఱికైన పనికివచ్చునని వ్రాయుచున్నాము.

ఈ సంకల్పమునకు మూలము మా అత్తగారు. వారికి డెబ్బదియాఱేండ్లు. పుట్టినది, మెట్టినది యీ ప్రాంతమే. రాజన్న సన్నిధిని ధర్మగుండములో మునిగిరి. ధర్మపురియందు గోదావరిస్నానము చేసిరి. మధ్యమానేరు జలాశయము నిండిన యేట గట్టుమీద నిలిచి "ఇదే సముద్రం లెక్కున్నది" అని మురిసిరి. ఒకనాటి రాత్రి మేము కాళ్ళకు నూనె రాయుచుండగా, "సముద్రం ఎట్లుంటదో చూడకుంటనే పోతనా, బిడ్డా?" అని యడిగిరి. మేము బదులు చెప్పలేకపోతిమి. ఏలయనగా మేమును చూడలేదు.

చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నది. మా తండ్రిగారు చిన్నతనమున మాకు ప్రబంధములు చెప్పిరి. ప్రబంధమునకు విధించిన పదునెనిమిది వర్ణనలలో సముద్రవర్ణన యొకటి. తరంగములు, తిమింగిలములు, బడబానలము మాకు కంఠస్థములు. ఉప్పునీటి చుక్క మాత్రము నాలుకపై పడలేదు. అంతదూర మేల? పదవ శతాబ్దిలో మా వేములవాడ చాళుక్యుల యాస్థానమున పంపకవి కన్నడమున భారతము వ్రాసెను. ఆయన తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనము, అందలి తెలుగు కందపద్యములు, మాకు దాపుననే కురిక్యాల బొమ్మలగుట్టపై నున్నవి. అవియు మేము పుస్తకములో చదివినవే కాని గుట్ట యెక్కి చూచినవి కావు. చదువుకొన్న ఆడువారి భూగోళమంతయు తఱచుగా నిట్లే గోడల నడుమ నుండును.

సంగతి యింటిలో పొక్కగానే మా మఱది కుమారుడు ఫోను తీసి ఒక్క గంటలో పథక మొకటి తయారు చేసెను. మూడు దినములు, విశాఖపట్టణము, భీమిలి, అరకు, బొఱ్ఱాగుహలు, కాకినాడ, యానాము, తిరుగుప్రయాణమున రాజమహేంద్రవరము. "పెద్దమ్మా, రాత్రి బయలుదేరితే తెల్లారేసరికి విశాఖ" అనెను. మా యూరినుండి విశాఖకు సుమారు 600 కిలోమీటర్లు. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మా యింటివారు పంతులు గావున దూరములు కూడి, భాగించి, సాధ్యమే యనిరి. మేమొక్క ప్రశ్న యడిగితిమి: "ఈ దారిలో బాపమ్మ దిగుట కెన్నిచోట్ల ఆగుదువు? ఎక్కడ?" వాడు ఫోనువంక చూచెను. అందు భోజనశాలలున్నవి, పెట్రోలు బంకులున్నవి, దృశ్యస్థలము లున్నవి. ఆ ప్రశ్నకు మాత్రము సమాధానము లేదు.

ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు. మూడేండ్ల క్రిందట భద్రాచలయాత్రకు కారులో పోయితిమి. తెల్లవాఱుజామున నాలుగింటికి బయలుదేరితిమి. దారిలో మగవారు చెట్టుచాటున పనికానిచ్చుకొని రెండుమూడుమాఱులు దిగి యెక్కిరి. మా అత్తగారు మంచినీళ్ళిచ్చినప్పుడెల్ల "దాహం లేదు" అనుచు వచ్చిరి. మధ్యాహ్నము మూడు గంటలకు గుడిమెట్లకడ కన్నులు తేలవేసి కూలబడిరి. ఆ రాత్రి ఆసుపత్రిలో సెలైను పెట్టిరి. తరువాత మూత్రమునకు సంబంధించిన జ్వరముతో పదిదినములు మంచముపట్టిరి. వైద్యురాలు "ఉదయంనుంచి నీళ్ళు తాగారా?" అని యడిగినపుడు వారు తలవంచుకొనిరి. నీళ్ళు త్రాగినచో దిగవలసి వచ్చును, దిగినచోట మఱుగుండదు, కావున త్రాగలేదు. చెప్పుటకు సిగ్గు, అడుగుటకు సిగ్గు. నిజము చెప్పవలెనన్న, ఆనాడు మేమును త్రాగలేదు. మాకు ముప్పదులు గనుక నిలువగలిగితిమి. కోడలికి తెలిసియు అత్తగారికి కలిగిన యాపద యది. ఆ దోషము మాదని నేటికిని మాకు తోచును.

ఆ మాట మఱది కుమారునికి దాపఱికము లేక చెప్పితిమి. వాడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట తన పథకమును తానే చెఱిపి, "నువ్వే చెప్పు పెద్దమ్మా, నేను రాస్తా" అనెను. ఈ కాలపు పిల్లలు చెప్పిన వినరని యందురు గాని, మనము చెప్పుట మానితిమేమో యని మాకు సందేహము.

అప్పటినుండి మా పథకము ఊళ్ళతో గాక గంటలతో మొదలైనది. రెండు గంటలకు మించి కారు నడువరాదు. ఆగుచోట్లు ముందుగానే యేర్పఱచుకొనవలెను: పెద్ద ఊళ్ళ బస్సుస్టాండ్లు, జాతీయరహదారిపై టోల్‌గేట్ల కడ నుండు మరుగుదొడ్లు, వెలుతురును మనుష్యసంచారమును గల పెట్రోలు బంకులు. ఆగినచోట మొదట ఆడువారిలో నొక్కరు దిగి చూచి రావలెను. తాళము వేసియున్న తాళపుచెవి యడుగుటకు సంకోచింపరాదు. ఒక సంచిలో చెంబు, సబ్బు, తువాలు, చిల్లర నాణెములు, పాత దుప్పటి యొకటి. దుప్పటి యేలయనగా, ఏ దిక్కును లేనిచోట ఇద్దఱు పట్టుకొన్న చాటగును. నీళ్ళు ఒక్కమాఱుగా గాక గంటకొక గ్లాసు. అత్తగారు త్రాగినది లెక్కపెట్టు పని మా పదునాలుగేండ్ల అమ్మాయికి అప్పగించితిమి. అది బాపమ్మ కన్న మొండిది.

అమ్మాయిని చెప్పుకొన్నపుడు మఱియొక మాట. ప్రయాణదినములలో నెలసరి వచ్చునేమోయని భయపడి, వైద్యుల నడుగక మాత్రలు మ్రింగు అలవాటు మన యిండ్లలో పెరుగుచున్నది. ఇది మంచిది కాదు. కావలసిన గుడ్డలో పొత్తులో రెండింతలుగా పెట్టుకొని, పాడైనవి చుట్టుటకు కాగితములు పెట్టుకొన్నచో ఏ యూరును ఆగదు. గుడికి పోవలెనా మానవలెనా యన్నది ఆయా యింటి యాచారము. దారికి మాత్రము అది అడ్డు కాదు.

ఇక విశాఖను విడిచిపెట్టితిమి. అరకు మఱియొకప్పుడు. మా యూరినుండి సముద్రమునకు దగ్గఱి దారి యేది యని చూడగా, కాకతీయులు నడచిన దారియే కనబడినది. ఓరుగల్లు రాజధాని, వారి రేవు మోటుపల్లి. నడిదేశమున నున్న రాజ్యమునకు సముద్రద్వారమది. మేమును కరీంనగరు, హనుమకొండ, ఖమ్మము, విజయవాడల మీదుగా దిగి, బందరు, బాపట్ల, చీరాల చూచుకొని, మోటుపల్లి ముట్టి తిరిగిరావలెనని నిశ్చయించితిమి. ఎనిమిది దినములు, సుమారు 1,100 కిలోమీటర్లు. లీటరునకు 15 కిలోమీటర్లు నడచు బండికి 75 లీటర్లవఱకు నూనె పట్టును. మూడు దినముల ప్రయాణమునకన్న గదుల యద్దె హెచ్చగును. నూనెయు మందులును తగ్గును.

మొదటిదినము రాజన్నకు మ్రొక్కి బయలుదేరి, హనుమకొండలో బస. నూటయైదు కిలోమీటర్లే. పొద్దుండగనే చేరి వేయిస్తంభముల గుడి చూడవచ్చును. 1163వ సంవత్సరమున రుద్రదేవుడు కట్టించినది. రామప్పను చూపవలెనని పంతులుగారి కోరిక. 2021లో ప్రపంచవారసత్వమున చేరిన దేవాలయము, చూడదగినదే. కాని దారికి దూరముగా ప్రక్కకు పోవలెను. ఆ రాత్రికి అత్తగారి మోకాళ్ళు ఏమి చెప్పునో మాకు తెలియును. విడిచితిమి. ఈ విషయమున మా యింట రెండుదినములు మాటలు తగ్గినవి, దాచనేల?

రెండవదినము పెద్ద గండము. హనుమకొండనుండి విజయవాడకు సుమారు 240 కిలోమీటర్లు. ఇచట మాకొక యుపాయము తోచినది. వరంగల్లు, ఖమ్మము, విజయవాడ, బాపట్ల, చీరాల యివన్నియు ఒకే రైలుమార్గముపై నున్నవి. ఆ యొక్కదినము పెద్దవారిని రైలెక్కించినచో మూడు నాలుగు గంటలలో బెజవాడ చేరుదురు, పెట్టెలోనే మరుగుదొడ్డి యుండును, కాళ్ళు చాచుకొనవచ్చును. కారు వెనుకనుండి మగవారితో నిదానముగా వచ్చును. "రోడ్డు ప్రయాణమని రైలెక్కుడేంది?" అని మఱది కుమారుడు నవ్వెను. నవ్వనిండు. ప్రయాణము ఎవరికొఱకో వారు సుఖముగా చేరుట ముఖ్యము గాని బండిచక్రములకు మనము బాకీ లేము.

మూడవదినము మచిలీపట్టణపు దారి. పామఱ్ఱు దాటి కొంచెము ప్రక్కకు తిరిగినచో కూచిపూడి. సిద్ధేంద్రయోగి భామాకలాపము పుట్టిన చోటు. తరతరములుగా అచట సత్యభామ వేషము కట్టినవారు మగవారే. వేదాంతము సత్యనారాయణశర్మగారు ఆ వేషమునకు పేరొందిరి. స్త్రీ కోపమును, స్త్రీ జడను, స్త్రీ నడకను మగవారు నేర్చి చూపగా ఆ యింటి స్త్రీలు లోపలినుండి వినుచుండిరి. నేడు లోకమంతట ఆ నాట్యము నేర్చువారిలో ఆడుపిల్లలే హెచ్చు. మా యమ్మాయికి ఆ వీథి చూపవలెనని మా కుతూహలము.

పెడన విషయమున ఒక జాగ్రత్త. కలంకారి యద్దకము చూడవలెనన్న భోగికి ముందే పోవలెను. పండుగదినములలో బల్లలు ఖాళీగా నుండును. శ్రీకాళహస్తిలో కలముతో వ్రాయుదురు. పెడనలో కొయ్య అచ్చులతో అద్దుదురు. బట్టను కరక్కాయరసమును పాలును కలిపిన నీట ముంచి యారబెట్టుదురు. నలుపునకు ఇనుపతుప్పును బెల్లపునీటను పులియబెట్టిన రసము, ఎఱుపునకు పటిక. పటిక యద్దినపుడు రంగు కనబడదు. పాఱునీట జాడించి, రంగునీట ఉడికించినపుడు ఎఱుపు మేలుకొనును. పాలేల యన్న, పాలలోని క్రొవ్వు రంగును బట్టపై ప్రాకనీయదు. ఈ సంగతి వినినప్పటినుండి మా ఆడుబిడ్డ పాతచీరమీద ప్రయోగము చేయవలెనని యున్నది. ఆమెను గూర్చి తరువాత చెప్పెదము.

నాలుగవదినము భోగి. ఆనాడు ఉదయము మంగినపూడికడ సముద్రమును మొదట చూతుము. అచటి నేల ఇసుకకన్న నల్లమట్టి హెచ్చు; కాళ్ళు దిగబడునని యందురు గావున స్నానము తలపెట్టలేదు. చూచుటయే. పిమ్మట 216వ జాతీయరహదారిని అవనిగడ్డమీదుగా పోయి, పులిగడ్డ–పెనుమూడి వారధిపై కృష్ణ దాటి, రేపల్లె మార్గమున బాపట్ల.

ఆ దారి మీదనే ఒక దుఃఖము పఱచుకొనియున్నది. పిల్లలకు చెప్పకుండ దాటరాదు. 1864 నవంబరు 1వ తేదీ తుపానున సముద్రము బందరుపై పడి ముప్పదివేలమంది పోయిరని చెప్పుదురు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచి వేలాదిమందిని తీసికొనిపోయెను. రెండును నవంబరే. కార్తికస్నానముల కని జనులు తీరమునకు పోవు దినములే తుపానుల దినములు. అత్తగారు మొదట కార్తికపూర్ణిమ యనిరి. జనసమ్మర్ద మొకవంక, వాయుగుండముల భయ మొకవంక, మేము ఒప్పుకొనలేదు. వేసవిసెలవులలో ఎండ. దసరా సెలవులలో బతుకమ్మ విడిచి యే యాడుదియు కదలదు. మిగిలినది సంక్రాంతి.

కాని అత్తగారి కొక పట్టు. సముద్రమును పర్వదినమున గాని తాకరాదు. పర్వమనగా వారికి పున్నమ, అమావాస్య. సెలవులలో పున్నమ పడకపోయిన చూచి తిరిగివత్తురట, తాకరట! నలువది మైళ్ళు గాదు గదా, నాలుగువందల కిలోమీటర్లు పోయి చూచి వచ్చుట యేమని పంతులుగారు విసుగుకొనిరి. అప్పుడు మా చదువు అక్కఱకు వచ్చినది. విష్ణుపురాణమున పర్వములు చెప్పినచోట చతుర్దశి, అష్టమి, అమావాస్య, పూర్ణిమలతోపాటు రవిసంక్రమణము కూడ నున్నది. సంక్రాంతి సెలవులలో సంక్రమణము తప్పక యుండును గదా! పుస్తకము తెచ్చి చదివి వినిపించితిమి. అత్తగారు కండ్లద్దములు పెట్టుకొని ఆ పంక్తిపై వ్రేలుంచి, "మా అమ్మ పున్నమే అనేది" అనిరి. సగము సమాధానపడిరి. ఆ సగము చాలును.

ఇందొక విశేషము కలదు. పున్నమ, అమావాస్యలందు సూర్యచంద్రుల యాకర్షణ ఒకే వరుసనుండి పని చేయుటచే పోటు మిక్కిలి హెచ్చును, ఆటు మిక్కిలి తగ్గును. అష్టమి ప్రాంతమున వారిద్దఱు అడ్డముగా నుందురు గావున నీటి రాకపోకలు స్వల్పము. పురాణమున అష్టమియు పర్వమే. కావున వృద్ధులతో పోవువారు పంచాంగమున అష్టమి చూచుకొన్నచో శాస్త్రమునకు శాస్త్రము, నెమ్మదికి నెమ్మది. అట్లని మోసపోరాదు, అలలు గాలినిబట్టి లేచునవి. అష్టమినాడును సముద్రము సముద్రమే.

ఐదవదినము, సంక్రాంతి, బాపట్లకు తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్న సూర్యలంకలో స్నానము. పండుగనాడు తీరమున గదులు దొరకుట కష్టము గావున బాపట్ల పట్టణముననే బస యేర్పఱచితిమి. సూర్యోదయము కాగానే పోయి తొమ్మిది గంటలకు వచ్చివేయుట. తీరము విశాలమై అడుగు లోతు లేనట్లు కనబడును. అందుచేతనే యచట ప్రాణములు పోవుచుండును. మేము వ్రాసిపెట్టుకొన్న కట్టుబాట్లు కఠినములు. మోకాలిలోతు దాటరాదు. అలకు వీపు చూపి ఫొటోకు నిలువరాదు. ఒంటరిగా నెవరును దిగరాదు. ఒకరు ఎప్పుడును ఒడ్డుననే యుండి తలలు లెక్కపెట్టవలెను. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకొని పడద్రోయును గావున ఆడువారమందఱమును పంజాబీ దుస్తులు ధరింతుము. అత్తగారు అవి తొడుగరు. వారికి గోచిపోసి కట్టిన నూలుచీర. నీరు లోనికి లాగినపుడు ఒడ్డువైపు పెనగులాడినచో బలము తరిగి మునుగుదురు. కేక వేయుచు ప్రక్కకు, ఒడ్డువెంబడి జరుగవలెను. లాగుడు వెడల్పు కొలదిదూరమే. అచటి బెస్తవారు, కాపలావారు వద్దన్నచోట ఎవరు దిగినను దిగరాదు.

అత్తగారి కొఱకు ప్లాస్టికు కుర్చీ యొకటి తీసికొనిపోవుచున్నాము. తేమ యిసుకలో, అల చివర పాదములు తాకుచోట కుర్చీ వేసి కూర్చుండబెట్టి, రాగిచెంబుతో సముద్రజలము తలపై పోయుదుము. మునకకాదే యని వారు నొచ్చుకొందురేమోయని భయపడితిమి. "రాజన్నకు ఒక్క చెంబు పోస్తే అభిషేకం కాదా?" అని వారే యనిరి. మధుమేహమున్న కాలు గావున వట్టికాళ్ళతో నడువనీయము. గవ్వపెంకు గీసినను పుండగును. స్నానానంతరము మంచినీటితో కడిగి, వ్రేళ్ళనడుమ తుడిచి, చూడవలెను.

ఆనాటి మధ్యాహ్నమే చీరాలమీదుగా మోటుపల్లికి. మాకు ఈ యాత్రలో అత్యంతము ఆసక్తి గలది యిదే. పిల్లలకు అణుమాత్రమును లేనిది యిదే. అచట వీరభద్రస్వామి యాలయమున కాకతి గణపతిదేవుని అభయశాసనము, 1244–45 నాటిది, కలదు. పూర్వపు రాజులు తుపానుచే ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును బలవంతముగా గైకొనుచుండిరట. ప్రాణముకన్న ధనము ప్రియమని వచ్చు వర్తకులపై దయతో, నియతమైన సుంకము దప్ప వేఱేమియు తీసికొనమని గణపతిదేవు డభయమిచ్చెను. ఆపదలో నున్నవాని సొత్తు దోచుట యాచారమైన కాలమున ఆ మాట రాతిపై చెక్కించిన రాజు ఓరుగల్లువాడు, సముద్రమునకు దూరపువాడు. కొన్ని దశాబ్దముల పిమ్మట ఆ రేవును గూర్చి వ్రాసిన మార్కోపోలో, ఈ దేశమును భర్తపోయిన రాణి మిక్కిలి న్యాయముగా పాలించుచున్నదని పొగడెను. ఆమె రుద్రమదేవి. గణపతిదేవుని భార్యయని యాతడు పొరబడెను గాని, ఆమె కూతురు. ఇచటి నూలుబట్ట సాలెగూటివలె నుండునని కూడ వ్రాసెను. సిరిసిల్ల మగ్గముల చప్పుడు వినుచు పెరిగినవారము. చీరాలలో నేతవారి వీథి కనబడిన దిగక మానము.

ఆఱవదినము కనుమ. కనుమనాడు కాకి కూడ కదలదని సామెత. మా వైపు కనుమ కోస్తావలె పెద్దపండుగ కాకపోయినను ప్రయాణము కూడదను మాట మాత్రము మా యింట నున్నది. ఆ దినము కారు కదలదు. పిల్లలకిది యన్యాయముగా తోచినది. మాకు మాత్రము పెద్దలు ఈ కట్టుబాటు అలసిన ఆడువారికొఱకే పెట్టిరా యనిపించును. ఉడుపులు ఉతికి యారవేసి, కాళ్ళు చాచి, వేఱొకరు వండినది తినుచు ఒకదిన ముందుము. ఏడవదినము ఖమ్మమువఱకు, ఎనిమిదవదినము ఇల్లు. పొద్దుక్రుంకిన పిదప కారు నడపరాదని నియమము.

కారు లేని సోదరీమణులు నిరాశపడ నక్కఱలేదు. పైన చెప్పినట్లు వరంగల్లునుండి చీరాలవఱకు రైలున్నది. తెలంగాణలో 2023 డిసెంబరు 9వ తేదీనుండి, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15వ తేదీనుండి స్త్రీలకు బస్సులలో ఉచితప్రయాణము కల్పించిరి. కాని ఏ రాష్ట్రపు స్త్రీకి ఆ రాష్ట్రముననే. మన ఆధారుకార్డు ఎల్ల దాటిన పిదప చెల్లదు. టిక్కెట్టు డబ్బులు వేఱుగా నుంచుకొనవలెను.

ఇన్ని వ్రాసి, ఏడు స్థలములుగల కారునకు పేర్లు వ్రాసితిమి. అత్తగారు, పంతులుగారు, మేము, అమ్మాయి, అబ్బాయి, మఱది కుమారుడు, బాడుగ డ్రైవరు. సరిపోయినది. ఎంత చక్కగా సరిపోయినదో యని సంతోషించుచుండగా, అబ్బాయి "అత్తమ్మ?" అనెను.

మా ఆడుబిడ్డ. భర్త పోయిన యేడే మా యింటికి వచ్చినది, పదునెనిమిదేండ్లైనది. భద్రాచలము పోయినపుడు ఇల్లు కనిపెట్టుకొన్నది ఆమె. తిరుపతి పోయినపుడు ఆమె. పెండ్లిండ్లకు పోయినపుడు ఆవునకు మేత, దేవునికి దీపము, పాలవానికి లెక్క ఆమె. ఎన్నడును రమ్మని యడుగలేదు, రాననియు నామె యనలేదు. ఎనిమిది దినముల ప్రయాణమును గంటగంటకు లెక్కవేసిన మేము, ఆమె పేరు వ్రాయుట మఱచితిమని కూడ చెప్పలేము. వ్రాయవలెనని తోచనేలేదు.

మఱునాడు అడిగితిమి. "నేనెందుకు వదినె, ఆవు ఉన్నది గద" అనినది. ఆవు సంగతి పొరుగింటావిడతో మాటాడితిమి. ఎండకాలమున ఆవిడ కూతురి పురుటికి పోయినపుడు ఆ యిల్లు మేము చూచునట్లును, ఈ సంక్రాంతికి మా యావును దీపమును ఆవిడ చూచునట్లును ఒడంబడితిమి. డ్రైవరును మానితిమి. మఱది కుమారునికి లైసెన్సు ఉన్నది; రెండు గంటలకొకమాఱు ఆగు ప్రయాణమున వానికి శ్రమ లేదు. స్థలము దొరకినది.

ఆమె అప్పటికి ఏమియు అనలేదు. పదిదినములు గడచినవి. నిన్న సాయంకాలము వంటయింట మేము దారికి సకినాలు ఎన్ని చేయవలెనో లెక్కించుచుండగా వచ్చి, గడపకడ నిలిచి, "వదినె, కిటికీ దిక్కు నేను కూసుంట" అనినది. పిమ్మట సకినాలకు బియ్యము నానబోయవలసిన దినము, పిండి పట్టించి జల్లించి నువ్వులు, వాము కలుపవలసిన దినము వ్రేళ్ళపై లెక్కపెట్టి, మా లెక్క ఒకదినము తప్పినదని చెప్పినది.